నూరేళ్ల నిద్ర, చింతాద్రిపేటలో మెలకువ: పాత కథను టీనేజ్ ఫాంటసీ నవలగా తిరగరాయడం ఎలా?

నా మొదటి ప్రతిలో రాతికోట ఉంది, కోట చుట్టూ ముళ్లపొదలున్నాయి, మంచు కూడా కురిసింది. పెరంబూరులో మే నెల ఉక్కలో, ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ మంచు గురించి నలభై పేజీలు రాశాను. పక్క ఫ్లాట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి చదివి వినిపిస్తుంటే మూడో అధ్యాయం దగ్గర ఆపింది. "అక్కా, ఆ రాకుమారి నూరేళ్లు పడుకుంది కదా. లేచాక ఆమె మాట్లాడేది ఎవరికైనా అర్థమవుతుందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే నలభై పేజీలూ పక్కన పడేశాను, ప్రశ్న మాత్రం ఉంచుకున్నాను.

ఇప్పుడు మూడో ప్రతి నడుస్తోంది. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు తెలుగు పాఠకుల కోసం ఒక పాత కథను ఫాంటసీ నవలగా తిరగరాయాలని ఉన్నవాళ్లకు, అందులోనూ నాలాగా చెన్నైలో కూర్చుని తెలుగులో రాసేవాళ్లకు, నేను పడ్డ తిప్పల్లో కొన్నయినా తప్పుతాయని ఇది రాస్తున్నాను. ఉదాహరణ అంతటా కదురు గుచ్చుకుని నూరేళ్లు నిద్రపోయిన రాకుమారి కథే, ఇంగ్లీషులో 'స్లీపింగ్ బ్యూటీ' అంటారు. మీ కథ వేరైనా పని వరస ఇదే.

1. కథ ఒకటే, పాత రూపాలన్నీ

బొమ్మల పుస్తకంలో చదివినదీ, సినిమాలో చూసినదీ నమ్ముకుని మొదలుపెట్టకండి. అవి బాగా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన రూపాలు. మరకలు ఎక్కడ ఉండేవో వాటిలో కనపడదు. మనకు పని మరకలతోనే.

ఈ కథకు ముఖ్యంగా మూడు పాత రూపాలున్నాయి. ఇటలీలో బసీలే రాసినది ఆయన పోయాక 1634, 1636 మధ్య అచ్చయింది. ఫ్రాన్సులో షార్ల్ పెరో 1697లో వేశాడు. జర్మనీలో గ్రిమ్ సోదరుల సంపుటి 1812లో వచ్చింది.

బసీలే కథలో అమ్మాయి గోటి కింద నార పేడు గుచ్చుకుంటుంది. ఒళ్లు తెలియని నిద్రలో ఉండగా ఒక రాజు ఆమెను చెరుస్తాడు. ఆమె ఆ నిద్రలోనే కవలలను కంటుంది. పసిబిడ్డ పాలకోసం వెతుకుతూ వేలు చీకితే పేడు ఊడి వస్తుంది, అప్పుడు లేస్తుంది. టీనేజ్ పిల్లలకు దీన్ని ఇలా చెప్పలేం, కానీ రాసేవాళ్లు తెలుసుకోకపోతే ఎలా? తర్వాతివాళ్లు ఏది దాచిపెట్టడానికి ముద్దును తెచ్చి పెట్టారో ఇక్కడే తెలుస్తుంది.

పెరో కథలో అసలు ముద్దే లేదు. రాకుమారుడు వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు, నూరేళ్ల గడువు అప్పటికి తీరిపోయింది కాబట్టి ఆమె కళ్లు తెరుస్తుంది. అతని గొప్పతనం ఏమీ లేదు, సమయానికి వచ్చాడంతే. ఆమె వేసుకున్న బట్టలు తన నాయనమ్మ కాలం నాటివని అతనికి అనిపిస్తుంది, కానీ మర్యాదగా నోరు మూసుకుంటాడు. ఆ ఒక్క వాక్యంలో ఒక నవలకు సరిపడా సరుకు ఉంది. పెళ్లయ్యాక పెరో ఇంకో సగం కథ చెప్పాడు: అత్తగారు రాక్షసి, మనవల్ని వండించుకుని తినాలని చూస్తుంది. మన సీరియళ్లవాళ్ల కంట ఇంకా పడినట్టు లేదు.

గ్రిమ్‌ల కథలో ఇంటిల్లిపాదీ నిద్రపోతారు, గోడ మీది ఈగలతో సహా. వంటవాడు కుర్రాడి జుట్టు పట్టుకోబోతూ నిద్రపోయి, నూరేళ్లకు లేచి ఆ చెంపదెబ్బ బాకీ తీరుస్తాడు.

నోట్‌బుక్‌లో మూడు నిలువు గళ్లు గీసి ఏ రూపంలో ఏముందో రాయండి. మూడింటిలోనూ ఉన్నవాటి కింద గీత గీయండి. నాకు తేలినవి ఇవి: ముందే తెలిసిన ప్రమాదం, తండ్రి పెట్టిన నిషేధం, నూలు వడికేచోట గుచ్చుకోవడం, నిద్ర, మెలకువ. ఇది కథ వెన్నెముక. దీన్ని వంచవచ్చు గానీ విరిచితే పాఠకుడు కథను గుర్తుపట్టడు. కోట, గులాబీలు, మంచు, ముద్దు ఇందులో లేవని గమనించండి. నా నలభై పేజీలూ వాటి మీదే.

హక్కుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లవరకు హక్కులుంటాయి. పెరో, గ్రిమ్‌ల కథలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. సినిమావాళ్లు చేర్చిన పేర్లు, పాటలు, పాత్రల రూపురేఖలు మాత్రం వాళ్లవే, వాటి జోలికి వెళ్లొద్దు. ఈమధ్య వచ్చిన అనువాదాల్లోని వాక్యాలకూ హక్కులుంటాయి.

2. మింగుడుపడని చోటు

ఇప్పుడు కథను పది వాక్యాల్లో రాయండి, ఒక్కో వాక్యం కింద రెండు ఖాళీ గీతలు వదలండి. ఒక గీత మీద "దీనివల్ల ఎవరు నష్టపోయారు?" అన్న ప్రశ్నకు, రెండో దాని మీద "దీని గురించి ఆ అమ్మాయి ఏమంటుంది?" అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. ఎనిమిది చోట్ల జవాబు చప్పగా వస్తుంది, పట్టించుకోకండి. ఒకటి రెండు చోట్ల పెన్ను ఆగిపోతుంది. నవల ఉన్నది ఆ చోటే.

నా పెన్ను ఆగింది నిషేధం దగ్గర. రాజ్యంలో ఎవరి దగ్గర కదురు కనపడినా చావే శిక్ష అని పెరో రాజు చాటిస్తాడు. కూతురి మీద ప్రేమ అని చదువుకుంటూ వచ్చాం. కానీ కదురు లేకపోతే నూలు లేదు, నూలు లేకపోతే మగ్గం ఆడదు. ఆ రాజ్యంలో నూలు వడికి పొట్టపోసుకునే ఆడవాళ్లు ఆ మర్నాడు ఏం తిన్నారు? మూడు దేశాల కథకుల్లో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బురుజు మీద ఒంటరిగా వడుకుతూ కూర్చున్న ముసలమ్మ, ఎవరి కదురు రాకుమారికి గుచ్చుకుందో ఆమె, మనకు ఇంకోలా కనిపించేది. నిషేధం సంగతే తెలియని అమాయకురాలని పెరో అంటాడు. తెలిసీ మానలేదని నేనన్నాను. నా నవలకు మొదటి ఊపిరి అక్కడ వచ్చింది.

ఒక హెచ్చరిక. దుష్టపాత్రను మంచిదాన్ని చేసేస్తే అయిపోయిందనుకోకండి, అది ఇప్పుడు అందరూ చేస్తున్న పని. కోపానికి కారణం చూపించండి, కోపం మాత్రం ఉంచండి. నా ముసలమ్మకు న్యాయమైన కోపమే వచ్చింది, ఆ కోపంతో చేసింది మాత్రం ఘోరం.

3. మన దగ్గర ఈ కథకు చుట్టం ఎవరు?

పరాయి కథను తెచ్చి తెలుగు పేర్లు పెడితే అది డబ్బింగు అవుతుంది. కథకు మన వైపునుంచి ఒక వేరు దొరకాలి. పోలిక వస్తువులో వెతకొద్దు, కష్టంలో వెతకండి. చైనాలో తొమ్మిదో శతాబ్దంలో రాసిపెట్టిన సిండ్రెల్లా కథలో అమ్మాయికి సాయం చేసేది ఒక చేప. మనకూ చేప ఉంది కదా అని ఏడు చేపల కథను తెచ్చి అతికిస్తే అతకదు, ఆ చేప ఎండకపోవడానికి కారణాలు వేరు! ప్రాణాన్ని ఒంట్లో కాకుండా ఇంకెక్కడో దాచుకోవడం తీసుకోండి. రష్యా కథల్లో కొషేయ్ అనే మాంత్రికుడు దాన్ని గుడ్డులోని సూదిలో దాచుకున్నాడు, బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు చిలుకలో దాచుకున్నాడు. వస్తువులు వేరు, భయం ఒకటే. అదీ చుట్టరికమంటే.

నిద్రపోయిన రాకుమారికి మన ఇంటి చుట్టం ఊర్మిళ. స్త్రీల రామాయణపు పాటల్లో 'ఊర్మిళాదేవి నిద్ర' అని ఒకటుంది, మా అవ్వ నెల్లూరునుంచి తెచ్చుకున్న పాటల్లో అదీ ఒకటి. లక్ష్మణుడు అడవికి వెళ్లగానే ఊర్మిళ నిద్రలోకి జారుకుంటుంది. పద్నాలుగేళ్ల తర్వాత అతను తిరిగొచ్చి మంచం దగ్గర నిలబడితే, ఆమె గుర్తుపట్టదు. ఎవరయ్యా నువ్వు, పరాయి ఇల్లాలి గదిలోకి ఎలా వచ్చావు, మా నాన్నకు తెలిస్తే నీ గతేమవుతుంది అని నిలదీస్తుంది. పరస్త్రీని కోరి ఇంద్రుడు ఏమయ్యాడో, రావణుడు ఏమయ్యాడో గుర్తుచేస్తుంది.

పెరో రాకుమారి లేవగానే అనే మాట దీని పక్కన పెట్టి చూడండి: నువ్వేనా నా రాకుమారుడివి, ఎంతసేపు ఎదురుచూశాను అంటుంది. ఒకామె తలుపు తీసింది, ఇంకొకామె తలుపు దగ్గర ఆపి ఊరు పేరు అడిగింది. పదిహేనేళ్ల ఆడపిల్ల చేతిలో పెట్టే పుస్తకంలో ఏ మెలకువ ఉండాలో నాకు ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

ఇంకో లాభం కూడా ఉంది. వనవాసంలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు కన్నుమూయలేదనీ, అతని వాటా నిద్ర ఊర్మిళ పోయిందనీ మనవాళ్లు చెప్పుకుంటారు. అంటే నిద్ర ఒకరినుంచి ఒకరికి బదిలీ అవుతుంది. నా మాయ మొత్తం ఈ ఒక్క మాటలోంచే పుట్టింది, కింద అయిదో మెట్టులో చెబుతాను.

4. ఊరు, తేదీ

ఫాంటసీకి ఊరెందుకు, ఊహాలోకం చాలు కదా అంటారు. చాలొచ్చు. కానీ తెలుగులో రాసే ఊహాలోకాలు చాలావరకు అవే అడవులు, అవే లోయలు, వేరే భాషలోంచి ఊడిపడ్డట్టుంటాయి. మీకు కాలినడకన తెలిసిన ఒక పేట తీసుకోండి, మాయను అక్కడ దింపండి.

నేను చింతాద్రిపేట తీసుకున్నాను. ఎందుకంటే 1734 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ కూవం నది ఒంపులో నేతగాళ్లను తెచ్చి పెట్టిన పేట అది. తమిళంలో 'తఱి' అంటే మగ్గం, చిన్న తఱిపేట కాస్తా చింతాద్రిపేట అయిందంటారు. కదురు మీద నిషేధం పెట్టే కథకు నేతగాళ్ల పేటను మించిన చోటు ఎక్కడుంది?

తర్వాత తేదీ. ఒక్క తేదీని గట్టిగా పాతితే మిగతావన్నీ దాని చుట్టూ వాటంతటవే వచ్చి చేరతాయి. మెలకువ రోజు ముందు తేల్చుకున్నాను: 2015 డిసెంబరు 1, చెన్నైని ముంచిన వాన కురిసిన రోజు. అక్కడినుంచి నూరేళ్లు వెనక్కి లెక్కపెడితే 1915. గ్రిమ్‌ల అమ్మాయిలాగే నా అలివేలుకూ పదిహేనేళ్లు, అంటే 1900లో పుట్టింది. ఇక చూడండి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు వేసింది, రేవు దగ్గర నూనె ట్యాంకులు తగలబడ్డాయి, జనం మూటా ముల్లె సర్దుకుని ఊరు వదిలారు. అలివేలుకు అది నిన్నమొన్నటి భయం. ఆంధ్రపత్రిక 1914 నుంచే మద్రాసులో దినపత్రికగా వస్తోంది, వాళ్ల నాన్న అరుగు మీద అది చదువుతాడు. వీధుల్లో కరెంటు ట్రాములు తిరుగుతున్నాయి, అవి 1895లోనే వచ్చాయి. బకింగ్‌హాం కాలువ మీద నెల్లూరు వైపునుంచి పడవలు వస్తున్నాయి.

ఆమె లేచేసరికి ట్రాములు లేవు, 1953లోనే ఆపేశారు. కాలువ ఉంది కానీ పడవలు లేవు, నీళ్లు నల్లగా ఉన్నాయి, పక్కనే స్తంభాల మీద రైలు పోతోంది. తను పడుకున్నప్పుడు నెల్లూరూ మద్రాసూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. నిద్రలో ఉండగానే 1953లో ఆంధ్ర విడిపోయింది, 1996లో ఊరికి పేరు మారింది, 2014లో ఆ ఆంధ్రప్రదేశ్ కూడా రెండయింది. అమ్మమ్మగారి ఊరికి వెళ్లాలంటే ఇప్పుడు రాష్ట్రం దాటాలి.

అన్నిటికంటే నన్ను కుదిపింది ఇంకొకటి. కదురు గుచ్చుకుని నిద్రపోయిన ఈ పిల్ల పడుకున్న కొన్నేళ్లకే దేశమంతా రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. అప్పటికి మిల్లు నూలు వచ్చి చేతి వడుకు దాదాపు మూలపడింది, నా ముసలమ్మ వీధిలో మిగిలిన చివరి వడుకుమనిషి. ఆమె చేసే, ఎవరికీ అక్కర్లేకుండా పోయిన పనే కొద్దికాలంలో స్వరాజ్యానికి గుర్తయింది. ఇలాంటివి కల్పించలేం. తేదీ పాతితే దొరుకుతాయి.

సమాచారానికి ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లండి. 1896లో తెరిచారు, దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, తెలుగు పుస్తకాలూ ఉంటాయి. పాత ఆంధ్రపత్రిక సంచికలు స్కాన్ చేసినవి ఆన్‌లైన్లో ఉన్నాయి, వార్తలకంటే ప్రకటనలు ఎక్కువ పనికొస్తాయి. ఒక మాట మాత్రం వినండి: వెతుకులాటకు ఆరు వారాలు గడువు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. ట్రాముల గురించి ఎనిమిది నెలలు చదివి నవలలో ఒకే ఒక్క ట్రాము వాడాను.

చేతిపనుల విషయంలో మాత్రం గడువు చూడకండి. కదురు గుచ్చుకునే ఘట్టం రాయాలంటే కదురు చూసి ఉండాలి. యూరప్ చెక్క కదురు మొన మొద్దుగా ఉంటుంది, అది వేలికి ఎలా గుచ్చుకుందని అక్కడివాళ్లే తల గోక్కుంటారు. మన రాట్నపు కదురు ఇనుప పుల్ల, మొన తేలి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి వడుకుతారు. ఆ దవడను నా ముసలమ్మ చేతిలో పెట్టాను. చూడటానికి అచ్చం మంత్రగత్తె వస్తువు, నిజానికి పనిముట్టు.

5. మాయకు ధర

ఫాంటసీలో పిల్లలు దేన్నయినా క్షమిస్తారు గానీ లెక్క తప్పితే క్షమించరు. మాయ నియమాలు ఒక్క కాగితం మీద పట్టాలి. నావి ఇవి. నిద్ర ఒకరినుంచి ఒకరికి పోతుంది తప్ప ఊరికే పుట్టదు. ఒకరు నిద్రపోతున్నంత కాలం, ఆ నిద్ర ఇచ్చినవాళ్లు మేలుకునే ఉండాలి. మేలుకున్నవాళ్లు చావరు, కానీ కలలు ఉండవు. ఇచ్చిన నూలు కండె అయిపోతే బేరం ముగుస్తుంది.

అంటే నూరేళ్లూ అలివేలు పడుకుంటే ముసలమ్మ కన్ను మూయలేదు. శాపం పెట్టినామెకూ శిక్ష పడింది. ట్రాములు పోవడం, పేటలో తెలుగు బోర్డులు తగ్గడం, మగ్గాల చప్పుడు ఆగిపోవడం అన్నీ ఆమె మేలుకుని చూసింది. ఇలా నూరేళ్లు మేలుకున్న ముసలమ్మ నేను వేసుకున్న పథకంలో లేదు. నియమం రాశాక దాని వెంట ఆమె నడిచొచ్చింది. మీ నియమం పాత్రలను పుట్టించకపోతే అది నియమం కాదు, అలంకారం.

కాగితం రాశాక ఒక తిక్క పిల్లవాడికి ఇచ్చి కన్నాలు వెతకమనండి. "వాచ్‌మన్‌కి నిద్ర అమ్మేస్తే డబ్బులొస్తాయి కదా" అని మా మేనల్లుడు అన్నాడు. నిద్ర అమ్మే సంత ఒకటి పన్నెండో అధ్యాయంలోకి వచ్చింది.

6. వయసు, ప్రేమ, రాకుమారుడు

యంగ్ అడల్ట్ నవల అంటే పదిహేనేళ్లవాళ్ల గురించి పెద్దవాళ్లు రాసే నీతికథ కాదు. కథను ముందుకు నెట్టే నిర్ణయం ప్రతిసారీ ఆ పిల్లే తీసుకోవాలి. పెద్దవాళ్లు సలహా ఇవ్వొచ్చు, అడ్డుపడొచ్చు, కాపాడకూడదు. నిద్రపోయే పాత్ర ముఖ్యపాత్ర అయితే ఇది కష్టం, అందుకే నేను నిద్రను మొదటి అయిదు అధ్యాయాల్లో ముగించేశాను. పాత కథ ఆగిన చోట నా కథ మొదలవుతుంది.

నిద్రలో ఉన్న మనిషిని ముద్దుపెట్టుకోవడం ఈ రోజు పుస్తకంలో ఉండకూడదు, దీని మీద చర్చ అనవసరం. ఆమెను లేపేది నీళ్లు. వరదకు గోడ కూలితే సాయానికి వచ్చిన పదహారేళ్ల కుర్రాడు కార్తీక్ అక్కడ ఉంటాడు, పెరో రాకుమారుడిలాగే సమయానికి వచ్చాడంతే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. ఆమెకు చదవడం వచ్చు, బయట లోకం రాదు. ముసలమ్మ రాసిపెట్టిన కాగితం ఆమె చదివితే గానీ అర్థం కాదు, అందులోని చోటుకు అతను తీసుకెళితే గానీ చేరలేరు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పనుండాలి. ప్రేమ పుడితే ఆ పనిలోంచి పుడుతుంది, లేకపోయినా నవలకు లోటు లేదు.

7. భాష

పక్క ఫ్లాట్ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడ చెప్పాలి. 1915లో గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాడుతున్నారు. బడిలో పాఠం గ్రాంథికం, వీధిలో మాట వేరు. కాబట్టి అలివేలు నోట్‌బుక్‌లో "వచ్చుచున్నాను" అని రాస్తుంది, నోటితో "వస్తా ఉండా" అంటుంది. నోటి మాట ఇప్పటికీ నెల్లూరువాళ్లకు అర్థమవుతుంది, తిప్పలొచ్చేది చింతాద్రిపేటలోనే. మొదటి సంభాషణ ఇలా వచ్చింది:

"ఎవరబ్బాయ్ నువ్వు? తలుపు తట్టే పనే లేదా?"

"తలుపెక్కడుంది అక్కా? వెళ్లం వచ్చింది కదా, కొట్టుకుపోయింది."

"బెల్లం వస్తే తలుపు కొట్టుకుపోవడమేంది?"

తమిళంలో 'వెళ్లం' అంటే వరద. మన చెన్నై పిల్లలు తెలుగు వాక్యంలో ఇలాంటి మాటలు కలుపుతూనే ఉంటారు, కలుపుతున్నామని కూడా వాళ్లకు తెలియదు. దాన్ని దిద్దకండి. అయితే ప్రతి వాక్యంలో కుమ్మరించకండి, పేజీకి ఒకటి చాలు, అర్థం పక్క మాటలోనే తెలియాలి. కింద గుర్తులు పెట్టి వివరణలు ఇస్తే పాఠ్యపుస్తకం అవుతుంది.

కథనం మాత్రం నేటి తేట తెలుగులో నడపండి. ఇక్కడి మన పిల్లల్లో చాలామంది తెలుగును కూడబలుక్కుని చదువుతారు. బడిలో తమిళం, ఇంగ్లీషు, ఆపైన తెలుగుకు మిగిలేది ఆదివారం. పొడుగు సమాసం కనపడితే పుస్తకం మూస్తారు. పది మాటలు దాటిన వాక్యాన్ని నేను రెండుసార్లు చూస్తాను. అలాగని పసిపిల్లల భాష వాడితే ఇంకా కోపం, పదిహేనేళ్ల వాళ్లకు ఎవరైనా తమను తక్కువ చేస్తున్నారని వాసన వస్తే చాలు.

పిలుపులు చూసుకోండి. అలివేలు తండ్రిని "నాయనా" అంటుంది, కార్తీక్ "డాడీ" అంటాడు. ఆమె ముసలమ్మను "అవ్వా" అన్న రోజు కథ మలుపు తిరగాలి. అంతవరకు ఏ పిలుపూ లేకుండా నడిపించాను, అది అనుకున్నదానికంటే కష్టం.

8. అధ్యాయాల లెక్క

దీని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. తెలుగులో ఒక మాటలోనే బోలెడు ఇముడుతుంది కాబట్టి ఇంగ్లీషు నవలల లెక్క మనకు కుదరదు. ముప్పై, నలభై వేల మాటలు చాలు. అధ్యాయం పన్నెండు వందల మాటలు, ముప్పై అధ్యాయాలు, రోజుకు మూడు వందల మాటలు రాస్తే నాలుగు నెలల్లో మొదటి ప్రతి.

అధ్యాయం ఎక్కడ ఆపాలో నేర్పింది బేతాళుడు. చందమామ పత్రిక 1947 జూలైలో ఈ ఊళ్లోనే పుట్టింది, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి కథలను నెలనెలా తెలుగు పిల్లలకు ఇక్కడినుంచే పంపింది. బేతాళుడు కథ పూర్తిగా చెప్పేసి, చివర ప్రశ్న వేస్తాడు. ఎవరు బతికారో కాదు, ఎవరిది తప్పో అడుగుతాడు. మనం మాత్రం అధ్యాయం చివర పాత్రను గోడ మీంచి వేలాడదీసి ఆపుతాం. ఒకటి రెండుసార్లు సరే, మూడోసారి పిల్లలు నవ్వుతారు. "అవ్వ మోసం చేసిందా, మాట నిలబెట్టుకుందా?" అన్న దగ్గర ఆపితే వాళ్లు పుస్తకం మూసి మరీ కొట్లాడుకుంటారు.

9. చదివి వినిపించడం

ప్రతి పూర్తవగానే గట్టిగా చదవండి, వినేది మీ ఇంట్లోవాళ్లు కాకూడదు. మా ఆయన అన్నీ బాగున్నాయంటాడు. పిల్లలు ఫోన్ తీసిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఎందుకు తీశావని అడగొద్దు, మర్యాదకు అబద్ధం చెబుతారు. ముగ్గురు పిల్లలు ఒకే చోట ఫోన్ తీస్తే ఆ పేజీ కొట్టేయండి.

అచ్చు విషయంలో నాకు చేదు అనుభవమే. రెండో ప్రతి ఒక ప్రచురణ సంస్థకు పంపితే, ఇది పిల్లల పుస్తకమా పెద్దల పుస్తకమా, ఏ అరలో పెట్టాలి అని అడిగారు. ఆ రెండిటికీ మధ్య తెలుగులో అర ఇంకా సరిగ్గా కుదరలేదన్నది నిజమే. అందుకే ఉత్తరంలో మొదటి వాక్యంలోనే పాఠకుల వయసు చెప్పండి, రెండో వాక్యంలో మూలకథ పేరు చెప్పండి. వెబ్ పత్రికలో ధారావాహికగానో, ఆడియోగానో ముందు వచ్చినా తప్పులేదు. చదవలేని పిల్లలు వింటారు.

10. కంచికి

ముగింపు గురించి నాకు ఏడాదిగా టెన్షన్. పెళ్లితో ముగించను, వరద తీయడంతో ముగిస్తే వార్త అవుతుంది. మా అవ్వ ప్రతి కథనూ "కథ కంచికి, మనం ఇంటికి" అని ముగించేది. చిన్నప్పుడు కంచి అంటే ఎక్కడో మేఘాల అవతల ఉంటుందనుకునేదాన్ని. పెరంబూరునుంచి డెబ్బై, ఎనభై కిలోమీటర్లు! పైగా మగ్గాలు ఇంకా ఆడుతున్న ఊరు. ముసలమ్మ కండెలో చివరి పోగు ఎక్కడికి చేరాలో అవ్వ చెప్పిన ముగింపులోనే ఉంది, నేనే వినలేదు.

కాబట్టి అలివేలు, కార్తీక్, ముసలమ్మ పార్క్ స్టేషన్లో చెంగల్పట్టు మీదుగా కాంచీపురం వెళ్లే లోకల్ ఎక్కుతారు. తాంబరం దాటాక నూలు అయిపోతుంది. నూరేళ్లుగా కన్నుమూయని మనిషికి మొదటిసారి ఆవలింత వస్తుంది. ఆ అధ్యాయం ఇంకా రాయలేదు. ముసలమ్మకు కిటికీ పక్క సీటు ఇవ్వాలా, అలివేలు భుజం అందేలా మధ్యలో కూర్చోబెట్టాలా అన్నది తేల్చుకోవడానికి వచ్చే ఆదివారం ఆ రైలెక్కి వస్తాను.